టెర్రాఫామ్ అప్లై సక్సెస్ అంటోంది, డేటాబేస్ మాత్రం పాత విలువే చూపిస్తోంది. ఆర్‌డీఎస్ తెలిసినవాళ్ళు కాస్త చూడండి

మణికొండ మనిషి:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా దగ్గర మొత్తం 9 పోస్ట్‌గ్రెస్ డేటాబేసులున్నాయి, అన్నీ ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్‌లోనే (అమెజాన్ క్లౌడ్‌లో డేటాబేసులు నడిపే సర్వీసు), ముంబై రీజియన్. నాకంటే ముందు చూసుకున్నాయన అన్నీ కన్సోల్‌లోకెళ్ళి చేత్తో క్లిక్ చేసి కట్టాడు, ఎక్కడా రాసిపెట్టింది లేదు, వెళ్ళిపోయేటప్పుడు నాకిచ్చిన కేటీ (పని వివరాలు అప్పజెప్పడం) మొత్తం కలిపితే రెండు టీలు, ఒక సమోసా. ఇప్పుడు చూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో సెట్టింగు. బ్యాకప్ ఒకదానికి 7 రోజులు, ఇంకోదానికి 35 రోజులు, ఒకదానికైతే సున్నా, అంటే ఆటోమేటిక్ బ్యాకప్ అసలు ఆనే లేదు, అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. మా మేనేజర్ "అన్నీ కోడ్‌లోకి తెచ్చెయ్, రెండు స్ప్రింట్లు చాలు కదా" అన్నాడు. ఆయనకి అన్నీ రెండు స్ప్రింట్లే.

సరే అని టెర్రాఫామ్ పట్టుకున్నా, కోడ్‌లో రాసిన సెట్టింగుల్ని క్లౌడ్‌లో పెట్టే టూల్ అది, ప్లాన్ కొడితే ఏం మారుతుందో చూపిస్తుంది, అప్లై కొడితే మార్చేస్తుంది. స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే చోట) ఒక ప్రైమరీ, దానికో రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే ఉండే కాపీ) ఉన్నాయి, రెండూ ఎం6జీ లార్జ్ సైజు మెషిన్లు, పోస్ట్‌గ్రెస్ 15, రెండిటికీ ఒకటే పారామీటర్ గ్రూప్ (డేటాబేస్ సెట్టింగుల జాబితా). అందులో మ్యాక్స్ కనెక్షన్స్ 200 అని ఎవరో పెట్టి ఉంచారు, యాప్ టీమ్ వాళ్ళు సరిపోట్లేదు అంటే 400 చేశా. మొదటిసారి అప్లై కొడితే ఎర్రర్ వచ్చింది, స్టాటిక్ పారామీటర్‌కి ఇమ్మీడియట్ మెథడ్ కుదరదు అని, నెట్‌లో వెతికి అప్లై మెథడ్ దగ్గర పెండింగ్ రీబూట్ అని రాశా, ఎర్రర్ పోయింది, అప్లై కంప్లీట్ అని పచ్చ రంగులో వచ్చింది. మళ్ళీ ప్లాన్ కొడితే నో చేంజెస్. కన్సోల్‌లో గ్రూప్ తెరిస్తే 400. డేటాబేస్‌లోకి లాగిన్ అయ్యి షో మ్యాక్స్ కనెక్షన్స్ కొడితే 200!! రెండు రోజులైంది, నిన్న రాత్రి మెయింటెనెన్స్ విండో (ఆగిన మార్పులు చేసుకోవడానికి కేటాయించిన టైము) కూడా దాటిపోయింది, ఇంకా 200. టెర్రాఫామ్‌లో బగ్గా ఇది?

ఇంకోటి. వేరే డేటాబేస్‌ని కోడ్‌లోకి తెస్తూ, మా సెక్యూరిటీ వాళ్ళ చెక్‌లిస్టులో ఉంది కదా అని స్టోరేజ్ ఎన్‌క్రిప్టెడ్ ట్రూ అని రాశా. ప్లాన్‌లో ఎర్రగా "మస్ట్ బి రీప్లేస్డ్" అని వచ్చింది. రీప్లేస్ అంటే డిస్క్ మారుస్తుందా, లేక నేను భయపడేదేనా? అప్లై మాత్రం కొట్టలేదు.

చివరిగా చిన్న డౌటు, వర్క్ మెమ్ (సార్టింగ్ లాంటి పనులకిచ్చే మెమరీ) ఒక డేటాబేస్‌లో 64 ఉంది, మిగతావాటిల్లో డిఫాల్టే. 64 బాగానే ఉంది కదా, అదే స్టాండర్డ్ అనుకుని అన్నిటికీ పెట్టేద్దామనుకుంటున్నా. ఓకేనా?


వైజాగ్ చిన్నా:

బ్రో ముందు ఆ రెండోదాని సంగతి. కీబోర్డ్ మీంచి చేతులు తీసెయ్. రీప్లేస్ అంటే నువ్వు భయపడేదే. ఉన్న డేటాబేస్‌ని డిలీట్ చేసి అదే పేరుతో ఖాళీది కొత్తది కడుతుంది. ప్లాన్‌లో ఆ లైను ముందు మైనస్, స్లాష్, ప్లస్ గుర్తు ఉంటుంది చూడు, అది కనిపిస్తే ఎంత అర్జెంటైనా అప్లై కొట్టకూడదు. ఎన్‌క్రిప్షన్ లేకుండా పుట్టిన ఆర్‌డీఎస్‌కి తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆన్ చెయ్యడం కుదరదు, అది పుట్టుకతో రావాల్సిందే. స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్న డేటా కాపీ) తీసి, ఆ స్నాప్‌షాట్‌ని కీ ఇచ్చి కాపీ చేసి, ఆ కాపీ నుంచి కొత్త డేటాబేస్ రీస్టోర్ చేసుకోవాలి, ఎండ్‌పాయింట్ (యాప్ కనెక్ట్ అయ్యే అడ్రస్) మారుతుంది, స్నాప్‌షాట్ తీసినప్పటి నుంచి రాతలు ఆపుకోవాలి, అదో పెద్ద కథ. ఇప్పటికి కోడ్‌లో ఫాల్స్ అనే రాసుకో, ఉన్నది ఉన్నట్టు.

అలాగే ఇప్పుడే, ఈ పోస్టు చదవడం ఆపి, తొమ్మిదింటికీ డిలీషన్ ప్రొటెక్షన్ ట్రూ పెట్టు. కోడ్‌లో లైఫ్‌సైకిల్ బ్లాకులో ప్రివెంట్ డిస్ట్రాయ్ కూడా పెట్టు. మొదటిది ఏడబ్ల్యూఎస్ వైపు తాళం, రెండోది టెర్రాఫామ్ వైపు తాళం, రెండూ ఉండాలి. స్కిప్ ఫైనల్ స్నాప్‌షాట్ ఎక్కడైనా ట్రూ ఉందేమో కూడా వెతుకు, ట్రూ ఉంటే డిలీట్ చేసేటప్పుడు చివరి కాపీ తియ్యదు, నెట్‌లో దొరికే ఉదాహరణల్లో అది ట్రూ అనే ఉంటుంది, జనం అలాగే కాపీ కొట్టేస్తారు.


డీబీఏ బాబాయ్:

మణికొండ తమ్ముడూ, బగ్గు లేదు ఏం లేదు. పెండింగ్ రీబూట్ అని నువ్వే చేత్తో రాశావు కదయ్యా, రీబూట్ ఎవరు చేస్తారనుకున్నావు?

నవ్వడానికి కాదుగానీ ఈ పొరపాటు అందరూ చేస్తారు, నేనూ చేశా, అందుకే వివరంగా చెప్తా. పోస్ట్‌గ్రెస్‌లో కొన్ని పారామీటర్లు నడుస్తుండగానే మార్చొచ్చు, వర్క్ మెమ్, లాగ్ మిన్ డ్యూరేషన్ స్టేట్‌మెంట్ లాంటివి, వాటిని డైనమిక్ అంటారు. కొన్ని సర్వర్ లేచేటప్పుడు ఒక్కసారే చదువుకుంటుంది, మ్యాక్స్ కనెక్షన్స్, షేర్డ్ బఫర్స్, షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీస్ ఇవి, స్టాటిక్ అంటే ఇవే. టెర్రాఫామ్ చూసేది పారామీటర్ గ్రూప్‌ని మాత్రమే. ఆ గ్రూప్‌లో 400 ఉంది, కోడ్‌లో 400 ఉంది, దాని లెక్క సరిపోయింది, నో చేంజెస్ అంది. లోపల నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ ఏ విలువతో లేచిందో దానికి తెలీదు, అది దాని పని కూడా కాదు.

మెయింటెనెన్స్ విండోలో అదే సర్దుకుంటుందిలే అనుకున్నావు చూడు, చాలామందికి అక్కడే దెబ్బ పడుతుంది. విండోలో జరిగేవి వేరు, ఇన్‌స్టెన్స్ సైజు మార్పు, వెర్షన్ ప్యాచ్ లాంటివి. స్టాటిక్ పారామీటర్ కోసం ఆర్‌డీఎస్ తనంతట తాను రీబూట్ చెయ్యదు. ఆరు నెలలు ఆగినా అలాగే ఉంటుంది, ఆ తర్వాత ఏదో వేరే కారణానికి అర్ధరాత్రి రీస్టార్ట్ అయిన రోజు ఈ మరిచిపోయిన మార్పులన్నీ ఒకేసారి లోపలికొస్తాయి, అప్పుడు చూడాలి ఎవరేం మార్చారో అని. డిఫాల్ట్ గ్రూప్ మీద ఉన్న డేటాబేస్‌ని కొత్త గ్రూప్‌కి తగిలించినా అంతే, అప్పుడైతే డైనమిక్‌వి కూడా రీబూట్ అయ్యేదాకా రావు. మిగతా ఏడు నువ్వు చేసేటప్పుడు ఇది తప్పకుండా తగుల్తుంది, ఎందుకంటే డిఫాల్ట్ గ్రూప్‌ని ఎడిట్ చెయ్యనివ్వదు, కొత్తది కట్టుకోవాల్సిందే.

ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలంటే సీఎల్ఐలో (ఏడబ్ల్యూఎస్ కమాండ్ లైన్) డిస్క్రైబ్ డీబీ ఇన్‌స్టెన్సెస్ కొట్టు, అందులో పారామీటర్ గ్రూప్ పక్కనే అప్లై స్టేటస్ అని ఉంటుంది, ఇన్ సింక్ అనో పెండింగ్ రీబూట్ అనో. మా పైప్‌లైన్‌లో (కోడ్‌ని ఆటోమేటిక్‌గా నడిపేది) అప్లై అయ్యాక ఇదే చూసి, పెండింగ్ ఉంటే టీమ్ గ్రూపులో మెసేజ్ పడేలా పెట్టుకున్నాం. రీబూట్ మాత్రం పైప్‌లైన్‌కి ఇవ్వలేదు, ఇవ్వను కూడా, అది మనిషి చెయ్యాలి.

ఎందుకంటే నీకొక రెప్లికా ఉంది. ఇది జాగ్రత్తగా విను. రెప్లికాలో మ్యాక్స్ కనెక్షన్స్ ఎప్పుడూ ప్రైమరీతో సమానంగానో ఎక్కువగానో ఉండాలి, ఇది పోస్ట్‌గ్రెస్ రూలు, ఏడబ్ల్యూఎస్‌ది కాదు. నువ్వు ముందు ప్రైమరీని రీబూట్ చేశావనుకో, అది 400తో లేస్తుంది, రెప్లికా ఇంకా 200లోనే ఉంటుంది, అప్పుడు రెప్లికా ప్రైమరీ నుంచి వచ్చే మార్పులు తనలో అమలు చేసుకోవడం ఆపేస్తుంది. 14వ వెర్షన్‌కి ముందైతే రెప్లికా ఏకంగా పడిపోయేది, ఇప్పుడు పడిపోదు, మౌనంగా ఆగుతుంది, క్వెరీలకి పాత డేటా ఇస్తూనే ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. గ్రూప్ ఒకటే కాబట్టి మార్పూ ఒకేసారి వస్తుందిలే అనుకోకు, గ్రూప్ ఒకటే అయినా రీబూట్లు వేరు. పెంచేటప్పుడు ముందు రెప్లికా, తర్వాత ప్రైమరీ. తగ్గించేటప్పుడు ముందు ప్రైమరీ, అది తగ్గిన సంగతి రెప్లికాకి చేరాక రెప్లికా. ఈ వరస టెర్రాఫామ్‌కి ఎవరూ చెప్పలేదు, అది గ్రూప్‌లో అంకె మార్చి చేతులు దులుపుకుంటుంది.

అసలు 400 ఎందుకు అనేది ఇంకో ప్రశ్న. ఆర్‌డీఎస్ డిఫాల్ట్ ఫార్ములా ప్రకారం మెమరీ బైట్లని 9531392తో భాగిస్తే వచ్చేదే మ్యాక్స్ కనెక్షన్స్, గరిష్ఠం 5000. నీ 8 జీబీ మెషిన్‌కి ఎనిమిది వందలు దాటే వస్తుంది. ఆ వెళ్ళిపోయినాయన కావాలనే 200కి దించాడంటే ఏదో అనుభవించే ఉంటాడు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్, ఊరికే కూర్చున్నా మెమరీ తింటుంది. యాప్ వాళ్ళని అడుగు, 200 కనెక్షన్లలో నిజంగా పని చేస్తున్నవి ఎన్ని అని. పీజీ స్టాట్ యాక్టివిటీలో (ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపించేది) చూస్తే నూట డెబ్భై ఐడిల్ అని ఉంటాయని నా పందెం. అప్పుడు కావాల్సింది కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే పీజీ బౌన్సర్ గానీ ఆర్‌డీఎస్ ప్రాక్సీ గానీ.

ఇక వర్క్ మెమ్ 64. బాబూ ఆగు!! అది 64 ఎంబీ కాదు, 64 కేబీ. ఆ పారామీటర్ యూనిట్ కేబీ. డిఫాల్ట్ 4096, అంటే 4 ఎంబీ. ఎవరో ఎంబీ అనుకుని 64 కొట్టారు, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకునే కనిష్ఠం కూడా సరిగ్గా 64 కేబీనే కాబట్టి ఎర్రర్ రాలేదు, 63 కొట్టి ఉంటే ఆ రోజే దొరికిపోయేవాడు. ఆ డేటాబేస్‌లో ప్రతి చిన్న సార్టింగూ డిస్క్ మీదకి పోతూ ఉంటుంది. నువ్వు దాన్ని తొమ్మిదింటికీ స్టాండర్డ్ చేద్దామంటున్నావు! ఆటోమేషన్‌తో ఇదే గొడవ, తప్పు ఒకచోట ఉంటే తొమ్మిది చోట్లకి పది నిమిషాల్లో చేరుతుంది.


మణికొండ మనిషి:

బాబాయ్ గారూ దండం. ఆ 64 ఉన్నది మా రిపోర్టుల డేటాబేసే!! నెలాఖరు రిపోర్టు నలభై నిమిషాలు పడుతుందని ఏడాదిగా ఫైనాన్స్ వాళ్ళు తిడుతున్నారు, మేము క్వెరీలు తిరగరాస్తూ కూర్చున్నాం. ఇప్పుడే లాగ్ టెంప్ ఫైల్స్ సున్నా పెట్టి చూశా, లాగులో టెంపరరీ ఫైల్ అని వరదలా వస్తోంది. అయితే దీన్ని 65536 చేసెయ్యనా?

వైజాగ్ చిన్నా, డిలీషన్ ప్రొటెక్షన్ పెట్టేశా, తొమ్మిదిలో ఆరింటికి ఇన్నాళ్ళూ లేదు. థాంక్స్ బ్రో.


డీబీఏ బాబాయ్:

గ్రూప్ మొత్తానికి 65536 వద్దు. వర్క్ మెమ్ కనెక్షన్‌కి ఒక్కసారి కాదు, క్వెరీలో ఉన్న ప్రతి సార్ట్‌కీ ప్రతి హ్యాష్‌కీ విడివిడిగా ఇస్తారు. 400 కనెక్షన్లు ఒక్కో సార్ట్ చేసినా 64 ఎంబీ చొప్పున 25 జీబీ అవుతుంది, నీ దగ్గరున్నది 8. గ్రూప్‌లో 16384 పెట్టు, రిపోర్టులు నడిపే యూజర్‌కి మాత్రం ఆల్టర్ రోల్‌తో ఎక్కువ ఇవ్వు. దీనికి రీబూట్ అక్కర్లేదు, డైనమిక్.

కోడ్‌లో ప్రతి అంకె పక్కనా కామెంట్ రాయి, యూనిట్ ఏంటో. షేర్డ్ బఫర్స్ ఇంకో తమాషా, దాని యూనిట్ 8 కేబీ. డిఫాల్ట్‌లో మెమరీ బై 32768 అని ఉంటుంది, చూస్తే ఏమీ అర్థం కాదు, 8 కేబీతో గుణిస్తే సరిగ్గా పావు వంతు మెమరీ. ఒకాయన దాన్ని ఎంబీ అనుకుని 2048 పెట్టాడు, 2 జీబీ ఇచ్చా అనుకున్నాడు, ఇచ్చింది 16 ఎంబీ.


వరంగల్ పోరడు:

అన్న నాది కూడ ఒక ముచ్చట జెప్త, మీకు పనికొస్తది. టెర్రాఫామ్‌ల అప్లై ఇమ్మీడియట్లీ అని ఒకటుంటది, డిఫాల్ట్ ఫాల్స్. ఫాల్స్ ఉంటే సైజు మార్పు గిట్ల విండో వచ్చేదాక ఆగుతది, గప్పటిదాక ప్లాన్ కొట్టినప్పుడల్లా అదే తేడా మళ్ళ మళ్ళ చూపిస్తది, మనకేమో చిరాకు. గా చిరాకుకే నేను ట్రూ పెట్టిన.

ఒకనాడు పొద్దుగాల పదకొండున్నరకు బ్యాకప్ రోజులు 7 నుంచి 14 చేసిన, గంతే, ఇంకేం ముట్టుకోలే. అప్లై కొట్టిన. రెండు నిమిషాలకు డేటాబేస్ పాయె! యాప్ మొత్తం డౌన్, మస్తు లొల్లి, ఫోన్ల మీద ఫోన్లు. ఏమైందని చూస్తే, అంతకుముందు రోజు సాయంత్రం మా టీమ్‌ల ఒకాయన కన్సోల్‌కు వోయి ఇన్‌స్టెన్స్ సైజు లార్జ్ నుంచి ఎక్స్ లార్జ్ జేసి, ఆదివారం విండోల కానీ అని వదిలేసిండు, మాకెవ్వరికి జెప్పలే. అది క్యూల ఉండె. నేను ఇమ్మీడియట్లీ అని కొట్టేసరికి నాది ఒక్కటే కాదు, క్యూల ఉన్నయన్ని ఒక్కసారే చేసేసింది. మల్టీ ఏజెడ్ (వేరే చోట తయారుగ ఉండే స్టాండ్‌బై) కూడ లేకుండె మాకు, తొమ్మిది నిమిషాలు పట్టింది లేవనీకి.

ఇంకో గమ్మత్తు ఏందంటే, అంత అయినంక ప్లాన్ కొడితే, కోడ్‌ల లార్జ్ ఉన్నది కద, దాన్ని మళ్ళ లార్జ్ జేస్త అంటది టెర్రాఫామ్! అప్పుడు అప్లై కొట్టి ఉంటే రెండోసారి డౌన్.

గందుకే చెప్తున్న, అప్లై కొట్టే ముంగట డిస్క్రైబ్‌ల పెండింగ్ మాడిఫైడ్ వాల్యూస్ ఖాళీగ ఉన్నదా లేదా చూడు. ప్రొడక్షన్‌ల అప్లై ఇమ్మీడియట్లీ ఫాల్సే ఉంచు. ఇగ కన్సోల్‌ల మార్చే పర్మిషన్ అందరికి తీసెయ్, చూసుడు ఒక్కటే ఉంచు. కోడ్ ఒకదిక్కు, చేతులు ఒకదిక్కు ఉంటే ఎన్నటికి కలవది.


పాత చింతకాయ:

అందరూ తిట్టుకున్నా పర్లేదు, నా మాట చెప్తా. తొమ్మిది డేటాబేసులకి ఇంత సరంజామా అవసరమా? నేను ఒక షెల్ స్క్రిప్ట్ రాసుకున్నా, ఇరవై లైన్లు, మాడిఫై డీబీ పారామీటర్ గ్రూప్ అని సీఎల్ఐ కమాండ్, ఆ తర్వాత కావాలంటే రీబూట్. స్టేట్ ఫైల్ (టెర్రాఫామ్ తన లెక్కలు రాసుకునే ఫైలు) లేదు, ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే లాక్ లేదు, ప్రొవైడర్ (ఒక్కో సర్వీసుకీ ఉండే టెర్రాఫామ్ ప్లగిన్) వెర్షన్ మారిందని ఏడుపు లేదు. ఆరేళ్ళుగా నడుస్తోంది. పైగా 2023 ఆగస్టులో టెర్రాఫామ్ లైసెన్స్ మార్చారు, ఓపెన్ టోఫు అని ఇంకోటి చీలింది, ఏది వాడాలో తేల్చుకోవడానికే ఒక మీటింగు.


వైజాగ్ చిన్నా:

పాత చింతకాయ గారూ మీ స్క్రిప్ట్ బాగానే ఉంటుంది, కాదనను. కానీ మీరు లీవులో ఉన్నప్పుడు ఎవరో కన్సోల్‌లో ఒక అంకె మార్చారనుకోండి, మీ స్క్రిప్ట్ ఆ సంగతి చెప్తుందా? మేము రోజూ తెల్లారుజామున ప్లాన్ ఒక్కటే నడుపుతాం, అప్లై లేకుండా, డీటెయిల్డ్ ఎగ్జిట్ కోడ్ పెట్టి. సున్నా వస్తే ఏ తేడా లేదు, 2 వస్తే ఎవరో ఏదో కెలికారు, 1 వస్తే ప్లానే ఫెయిల్. పొద్దున్న ఆఫీసుకెళ్ళేసరికి తెలిసిపోతుంది. నేను టెర్రాఫామ్ వాడేది కట్టడానికి కాదు, ఈ చాడీల కోసమే.


పాత చింతకాయ:

చాడీల పాయింటు ఒప్పుకున్నా. కానీ తమ్ముడూ, డేటాబేస్ లోపల రోల్స్, గ్రాంట్లు, స్కీమాలు ఎవరు చూస్తారు? ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్ ఇన్‌స్టెన్స్ గుమ్మం దాకే వస్తుంది, లోపలికి రాదు. పోస్ట్‌గ్రెస్ ప్రొవైడర్ విడిగా పెట్టుకోవాలి, డేటాబేస్ ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉంటుంది కాబట్టి ఆ పైప్‌లైన్ నడిచే మెషిన్ కూడా ఆ వీపీసీ (ఏడబ్ల్యూఎస్‌లో మన ప్రైవేట్ నెట్‌వర్క్) లోపలే ఉండాలి. అంత తంటా కంటే గ్రాంట్లు ఎస్‌క్యూఎల్ ఫైళ్ళలో రాసి మైగ్రేషన్లతో (స్కీమా మార్పుల స్క్రిప్టులు) పాటు పంపడమే నయం. ఇక్కడ మాత్రం నా మాట వినండి.


డాలస్ అక్క:

ఆలస్యంగా చూశా, ఇక్కడ ఇప్పుడే తెల్లారింది. రెండు విషయాలు చెప్పి వెళ్తా.

మెయింటెనెన్స్ విండో, బ్యాకప్ విండో రెండూ కోడ్‌లో రాసేటప్పుడు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాయాలి. మా ఇండియా టీమ్‌లో అబ్బాయి ఆదివారం రాత్రి రెండు గంటలకి ఎవరూ ఉండరు కదా అని ఆదివారం 02:00 అని రాశాడు. అది ఇండియాలో ఆదివారం పొద్దున ఏడున్నర, మాకు ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిది, చలికాలం టైము ప్రకారం. మా కస్టమర్లు అమెరికా వాళ్ళే, శనివారం రాత్రే పీక్. నేను ఎవరిదో బర్త్‌డే పార్టీలో చేతిలో ప్లేటుతో ఉన్నా, బిర్యానీ ఇంకా నోట్లో పెట్టుకోలేదు, పేజర్ మోగింది. మణికొండా, మీకు సోమవారం తెల్లవారుజాము రెండున్నర కావాలంటే ఆదివారం 21:00 అని రాయాలి, తారీఖు కూడా వెనక్కి వెళ్తుందని మర్చిపోకు.

రెండోది పాస్‌వర్డ్. మాస్టర్ పాస్‌వర్డ్ మామూలుగా కోడ్‌లో ఇస్తే స్టేట్ ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది, సెన్సిటివ్ అని రాస్తే స్క్రీన్ మీద దాచుతుందంతే, ఫైల్‌లో దాచదు. అందుకని మ్యానేజ్ మాస్టర్ యూజర్ పాస్‌వర్డ్ ట్రూ పెట్టండి, అప్పుడు ఆర్‌డీఎస్సే పాస్‌వర్డ్ తయారుచేసి సీక్రెట్స్ మేనేజర్‌లో పెట్టుకుంటుంది. కానీ ట్రూ పెట్టే ముందు మీ యాప్ ఏ యూజర్‌తో లాగిన్ అవుతోందో చూసుకోండి!! డిఫాల్ట్‌గా ఏడు రోజులకోసారి ఆ పాస్‌వర్డ్ మారుతుంది. మా దగ్గర ఒక పాత సర్వీసు మాస్టర్ యూజర్‌తోనే నడుస్తోందని ఎవరికీ తెలీదు, పాస్‌వర్డ్ దాని కాన్ఫిగ్ ఫైల్లో రాసి ఉంది. మేము ఆన్ చేసేటప్పుడు ఎవరో ఆ కొత్త పాస్‌వర్డ్ కూడా కాపీ చేసి ఆ ఫైల్లో పెట్టేశారు, పని చేసింది, అందరం సంతోషపడ్డాం. సరిగ్గా వారానికి ఆగిపోయింది. మళ్ళీ కాపీ చేశారు, మళ్ళీ వారానికి ఆగింది. మూడో వారం నేను కూర్చుని చూస్తే గానీ సంగతి బయటపడలేదు.

స్టేట్ ఫైల్ ఎస్3లో (అమెజాన్ ఫైల్ స్టోరేజ్) పెట్టి వెర్షనింగ్ ఆన్ చేసుకోండి. లాక్ కోసం పాతకాలంలో డైనమో డీబీ టేబుల్ కావాల్సి వచ్చేది, టెర్రాఫామ్ 1.10 నుంచి ఎస్3లోనే లాక్ ఫైల్ పెట్టుకోవచ్చు.


మణికొండ మనిషి:

అప్‌డేట్ పెడుతున్నా, వారం పట్టింది.

ముందుగా మిగతావాటిని కోడ్‌లోకి తేవడం. నేను మొదట తలకిందులుగా చేస్తున్నా, మంచి కోడ్ రాసి డేటాబేస్‌ని దానికి సరిపెట్టాలని చూశా. ఇప్పుడు ఇంపోర్ట్ బ్లాకులు (ఉన్న డేటాబేస్‌ని టెర్రాఫామ్ లెక్కలోకి తెచ్చేవి) వాడి (1.5 నుంచి ఉన్నాయట, నాకిప్పుడే తెలిసింది) కోడ్‌ని కూడా దాంతోనే జనరేట్ చేయించా, అది రాసిన కోడ్ గడ్డివాములా ఉంటుంది, అక్కర్లేనివన్నీ పీకి, ప్లాన్ కొడితే నో చేంజెస్ వచ్చేదాకా సాగదీశా. ఎంత చెత్త సెట్టింగైనా ముందు అదే కోడ్‌లో ఉంది, తర్వాత ఒక్కోటి మారుస్తున్నా. ఒకదాంట్లో మాత్రం ప్రతిరోజూ తేడా చూపించేది, చూస్తే ఇంజిన్ వెర్షన్‌లో పాయింట్ తర్వాత అంకెతో సహా రాశా, ఆటో మైనర్ అప్‌గ్రేడ్ ఆన్‌లో ఉంది, అదేమో పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఊరికే 15 అని రాశా.

పారామీటర్ గ్రూపుల పేర్లు నేమ్ ప్రిఫిక్స్‌తో పెట్టి, క్రియేట్ బిఫోర్ డిస్ట్రాయ్ (కొత్తది కట్టాకే పాతది తీసెయ్ అని) కూడా పెట్టా. ఇది లేకపోతే రేపు పోస్ట్‌గ్రెస్ 16కి వెళ్ళేటప్పుడు, వాడకంలో ఉన్న గ్రూప్‌ని ముందు తీసెయ్యబోయి అక్కడే ఇరుక్కుంటుందని స్టేజింగ్‌లో చేసి చూస్తే తెలిసింది.

బాబాయ్ గారూ మీ పందెం గెలిచారు. 200లో ఐడిల్ 163. పీజీ బౌన్సర్ పెట్టమని యాప్ టీమ్‌తో ఒప్పించా, ఇంకో నెల పడుతుందన్నారు, అప్పటిదాకా అని 300 చేశా, 400 కాదు. ఆదివారం అర్ధరాత్రి దాటాక ముందు రెప్లికా రీబూట్ చేసి, లోపలికెళ్ళి 300 చూసి, రెప్లికా వెనకబడి లేదని చూసి, అప్పుడు ప్రైమరీ. ప్రైమరీ మల్టీ ఏజెడ్ కాబట్టి ఫెయిలోవర్‌తో (స్టాండ్‌బైకి మారుతూ) రీబూట్ చేశా, నిమిషమున్నరలోపే లేచింది, యాప్ లాగులో ఎర్రర్లు వచ్చాయి, వాటంతటవే సర్దుకున్నాయి. ఒక్క సర్వీసు మాత్రం పాత ఐపీనే పట్టుకుని వేలాడింది, జావాలో డీఎన్ఎస్ క్యాష్ సంగతి, దాన్ని రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది.

రిపోర్టుల డేటాబేస్‌లో గ్రూప్‌కి 16384, రిపోర్ట్ యూజర్‌కి 131072 ఇచ్చా, అంటే 128 ఎంబీ, కామెంట్‌లో యూనిట్ రాశా బాబాయ్. నలభై నిమిషాల రిపోర్టు పదకొండు నిమిషాలకి వచ్చింది. ఫైనాన్స్ మేడం వచ్చి "ఏం మార్చారు" అని అడిగింది, ఒక అంకె అంటే నమ్మలేదు.

డాలస్ అక్కా, మూడు డేటాబేసుల్లో యాప్ మాస్టర్ యూజర్‌తోనే నడుస్తోంది. ముందు వేరే యూజర్లు కడుతున్నా. ఆ గ్రాంట్లు పాత చింతకాయ గారు చెప్పినట్టు ఎస్‌క్యూఎల్ ఫైళ్ళలోనే.


డీబీఏ బాబాయ్:

శభాష్. మరి ఆ సున్నా బ్యాకప్ ఉన్నదాన్ని ఏం చేశావు?


మణికొండ మనిషి:

కోడ్‌లో 7 అని రాసి పీఆర్ (మార్పు కలపడానికి రిక్వెస్ట్) పెట్టా బాబాయ్, రేపు పగలు మెర్జ్ చేసి అప్లై కొట్టేస్తా, బ్యాకప్ రోజులే కదా.


డీబీఏ బాబాయ్:

పగలు వద్దు! వరంగల్ అబ్బాయి చేసినట్టు 7 నుంచి 14 అయితే పర్లేదు, సున్నా నుంచి ఏ అంకెకి మారినా డేటాబేస్ కాసేపు ఆగుతుంది, డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఆ మార్పు రాత్రి చెయ్యి. అలాగని ఇవాళ బ్యాకప్ లేకుండా ఇంకో పూట ఉంచకు, చేత్తో ఒక స్నాప్‌షాట్ ఇప్పుడే తియ్యి. దానికి ఏ కోడూ అక్కర్లేదు.


మణికొండ మనిషి:

తీస్తున్నా. క్రియేటింగ్ అని చూపిస్తోంది, 12 శాతం.